మింగే కెమెరా మంచిదే, ముందు చెప్పవలసినవే చెప్పలేదు

మా అమ్మకు ఏడాదిలో రెండుసార్లు రక్తం ఎక్కించవలసి వచ్చింది. నోటి ద్వారా చేసిన ఎండోస్కోపీలో గానీ, పెద్దపేగుకు చేసిన కొలనోస్కోపీలో గానీ ఏమీ దొరకలేదు. హిమోగ్లోబిన్ మాత్రం నిలవడం లేదు. ఆ గొట్టాలు పైనుంచి, కిందినుంచి ఎంత దూరం వెళ్లినా, మీటర్ల కొద్దీ చుట్టలు చుట్టుకుని ఉండే చిన్నపేగులో అధికభాగం వాటికి అందదు. అందుకని డాక్టరుగారు క్యాప్సూల్ ఎండోస్కోపీ, అంటే మాత్రలాంటి కెమెరాను మింగించి పేగు లోపల ఫొటోలు తీసే పరీక్ష, రాశారు.

అమెరికాలో 2001లో అనుమతి పొందిన ఈ పరీక్షలో కెమెరా సుమారు 26 మిల్లీమీటర్ల పొడవు, 11 మిల్లీమీటర్ల వెడల్పు ఉంటుంది. పెట్టెలోంచి తీయగానే అది మిణుకుమిణుకుమనడం మొదలుపెట్టింది. "ఇదేమిట్రా, మిణుగురును మింగమంటున్నారు!" అంటూనే అమ్మ ఒక్క గుక్కలో మింగేసింది. నొప్పి లేదు, మత్తుమందు అక్కరలేదు. నడుముకు రికార్డరు బెల్టు కట్టారు. రెండు గంటల తరువాత నీళ్లు, నాలుగు గంటల తరువాత తేలికపాటి ఆహారం ఇవ్వవచ్చన్నారు. సెకనుకు రెండు ఫొటోల చొప్పున ఎనిమిది గంటలకు లెక్కవేస్తే 57,600 అవుతాయి. వాటిని ఓపికగా చూసే కళ్లను బట్టే ఈ పరీక్ష విలువ ఉంటుందని నా అభిప్రాయం.

ఆ విషయంలో మాకు లోటు జరగలేదు. అమ్మ మోకాళ్ల నొప్పులకు ఏళ్ల తరబడి మాత్రలు వాడిందని, వాటివల్ల పేగు ఎక్కడైనా సన్నబడి ఉంటే కెమెరా చిక్కుకుపోతుందని, డాక్టరుగారు ముందుగా కరిగిపోయే ఉత్తుత్తి క్యాప్సూల్ ఇచ్చి దారి చూసుకున్నారు. రిపోర్టులో రెండు చోట్ల ఉబ్బిన రక్తనాళాల ఎర్రటి మచ్చలు, ఒకదాని నుంచి రక్తం ఊరడం స్పష్టంగా కనిపించాయి. కెమెరా జీర్ణాశయం దాటిన ఎన్ని నిమిషాలకు ఆ చోటికి చేరిందో కూడా రాశారు; మచ్చలను కాల్చడానికి బెలూన్ ఎంటరోస్కోపీని (బెలూన్ సాయంతో చిన్నపేగులోకి లోతుగా గొట్టం పంపే పద్ధతి) నోటి నుంచి చేయాలని దాన్ని బట్టే నిర్ణయించారు. క్యాప్సూల్ చూపించగలదే తప్ప పరీక్షకు పేగు ముక్క తీయలేదు, రక్తాన్ని ఆపలేదు.

లోపమంతా పరీక్ష కేంద్రం కౌంటరు దగ్గరే. పన్నెండు గంటలు ఉపవాసం ఉండమన్నారు కానీ, ఐరన్ మాత్రలు కొన్ని రోజుల ముందే ఆపాలని చెప్పలేదు. వాటివల్ల పేగులో నల్లటి మడ్డి పేరుకుని ఫొటోలు పాడవుతాయట. మొదటిసారి పొద్దున్నే వెళ్లి తిరిగి రావలసి వచ్చింది. రక్తం పోతున్నట్టు తెలిసిన తరువాత ఎంత త్వరగా చేస్తే కారణం దొరికే అవకాశం అంత ఎక్కువగా ఉండే ఈ పరీక్షకు మాకు వారం ఆలస్యమైంది.

క్యాప్సూల్ మూడో రోజున బయటపడింది. అప్పటివరకు ఎంఆర్‌ఐ తీయించకూడదన్న మాట వాళ్లిచ్చిన కాగితంలో అన్నిటికంటే కింద, అన్నిటికంటే చిన్న అక్షరాల్లో ఉంది.