ఎన్‌క్రిప్ట్ చేసిన ఫోల్డరులో తెలుగు పేర్లకు చోటు చాలడం లేదు

ఇంట్లో ఉంచుకున్న నాస్‌లో (ఇంటి నెట్‌వర్కుకు తగిలించుకునే డిస్కుల పెట్టె) కాగితాల స్కాన్లను ఎన్‌క్రిప్ట్ చేసి, అంటే తాళంచెవి లేనివారు చదవలేని రూపంలోకి మార్చి, దాచుకోవడం మొదలుపెట్టి ఏళ్లు గడిచాయి. డిస్కుల సామర్థ్యం, ధరలు, అమరిక గురించి చాలామంది రాశారు కనుక వాటి జోలికి పోను. ఫైళ్లకు తెలుగులో పేర్లు పెట్టుకునేవారికి ఈ సదుపాయంలో ఎదురయ్యే ఇబ్బంది గురించి మాత్రం ముందుగా ఎవరూ హెచ్చరించరు. నా అసంతృప్తి అంతా దాని మీదే.

నల్లగొండలో నాది దస్తావేజులు రాసే వృత్తి. చుట్టుపక్కల మండలాల రైతులు తెచ్చే 1954-55 నాటి ఖాస్రా పహాణీల (ఏ భూమి ఎవరిదో రాసిన పాత రెవెన్యూ రికార్డుల) నకళ్లు, రిజిస్ట్రేషన్ లేకుండా తెల్లకాగితం మీద రాసుకున్న అమ్మకపు పత్రాలైన సాదాబైనామాలు, పాత పాసుపుస్తకాలు, వాటితోపాటు వారి ఆధార్ ప్రతులు, వేలిముద్రలున్న కాగితాలు స్కాన్ అయి నా దగ్గర ఉంటాయి. ప్రభుత్వ భూరికార్డుల వ్యవస్థ ధరణి పోయి భూభారతి వచ్చినా, తగాదా వచ్చిన రోజున అందరూ వెతుక్కునేది ఆ పాత కాగితాన్నే. నమ్మి ఇచ్చిన కాగితం మరొకరి కంట పడకుండా చూడటం నా వృత్తి ధర్మమని భావిస్తాను. ఎన్‌క్రిప్షన్ పెట్టుకున్నది అందుకే.

నా పాత పెట్టెలో ఉన్నది ఫోల్డరు వారీ ఎన్‌క్రిప్షన్. దాని అడుగున పనిచేసేది ఈక్రిప్ట్‌ఎఫ్ఎస్ అనే పద్ధతి; ఇలాంటి పెట్టెలను నడిపించే లినక్సు అనే ఆపరేటింగ్ సిస్టమ్‌లోది. పాత డిస్కులోని ఫైళ్లన్నిటినీ ఒక రాత్రి అందులోకి కాపీ పెడితే, తెల్లారేసరికి పని పూర్తయినట్టే చూపించింది. కొన్నాళ్లకు తిప్పర్తి వైపు నుంచి ఒక రైతు వచ్చి, అన్నదమ్ముల పంపకం నాటి పహాణీ నకలు మళ్లీ కావాలని అడిగితే ఎంత వెతికినా దొరకలేదు. పెట్టె తాను చేసిన పనులను రాసుకునే లాగ్ తెరిచి చూస్తే, పేరు పొడవు మించిందన్న కారణంతో వదిలేసిన ఫైళ్ల జాబితా ఉంది. అందులో ఇంగ్లీషు పేరున్నది ఒక్కటీ లేదు, అన్నీ తెలుగు పేర్లే. ఇన్నింటిని వదిలేసి కూడా ‘పూర్తయింది’ అని చూపించడాన్ని నేను ఇప్పటికీ క్షమించలేకపోతున్నాను. పాత డిస్కును ఏడాది దాకా చెరపకుండా ఉంచే అలవాటు ఉండబట్టి ఆయన కాగితం ఆయనకు అందింది.

కారణం ఇదీ. లినక్సులో మామూలుగా ఒక ఫైలు పేరుకు 255 బైట్ల (యంత్రం చోటును కొలిచే చిన్న కొలతల) దాకా చోటుంటుంది. ఈక్రిప్ట్‌ఎఫ్ఎస్ ఫైలులోని విషయంతోపాటు పేరును కూడా గుప్తీకరించి, ముందు తన గుర్తు ఒకటి తగిలించి, ఆ మొత్తాన్ని మామూలు అక్షరాల్లోకి మార్చి రాస్తుంది. దాంతో పేరు సాగుతుంది కనుక, మనం పెట్టే పేరు 143 బైట్లకు మించకూడదు. ఇంగ్లీషులో రాసేవారికి అవి 143 అక్షరాలు. అక్షరాలను యంత్రంలో దాచే యూటీఎఫ్-8 పద్ధతిలో తెలుగు సంకేతం ఒక్కొక్కటీ మూడు బైట్లు తీసుకుంటుంది కనుక మనకు దక్కేవి 47. అవి కూడా బడిలో లెక్కపెట్టే అక్షరాలు కావు. గుణింతపు గుర్తు, పొల్లు, దాని కింద వచ్చే హల్లు అన్నీ విడివిడిగా లెక్కకొస్తాయి. ‘తిప్పర్తి’ అని రాస్తే కంటికి మూడక్షరాలు, యంత్రానికి తొమ్మిది సంకేతాలు, 27 బైట్లు. ఆ రైతు ఫైలుకు నేను పెట్టుకున్న పేరు ‘తిప్పర్తి 1954-55 ఖాస్రా పహాణీ నకలు పెద్ద చెరువు కింది భూమి అన్నదమ్ముల పంపకం’. దాదాపు 200 బైట్లున్న ఆ పేరు మామూలు డిస్కులో ఇమిడింది, ఎన్‌క్రిప్ట్ చేసిన ఫోల్డరులో ఇమడలేదు.

తర్వాత కొన్న పెట్టెలో వాల్యూమ్ మొత్తాన్ని, అంటే ఫోల్డర్లన్నీ ఉండే నిల్వ భాగాన్నంతా, లక్స్ అనే మరో లినక్సు పద్ధతిలో ఎన్‌క్రిప్ట్ చేసే వీలుంది. అది ఫైలు వ్యవస్థకు అడుగున, డిస్కు బ్లాకుల స్థాయిలో పనిచేస్తుంది కనుక పేర్ల జోలికి రాదు. తెలిసినవారందరికీ దీన్నే వాడమని గట్టిగా చెప్పాను. ఇప్పుడు ఆ మాటకు కొంత చేర్చవలసి ఉంది. ఇందులో, నేను కొన్న అమరికలో, తాళంచెవి ఆ పెట్టెలోనే ఉండి, కరెంటు రాగానే వాల్యూమ్ తనంతట తాను తెరుచుకుంటుంది. డిస్కు ఒక్కటే బయటికి పోతే ఏ భయమూ లేదు. దొంగ పెట్టెను పెట్టెగా ఎత్తుకుపోతే తాళం, తాళంచెవి కలిసే పోయినట్టు. చెవిని వేరే యంత్రంలో ఉంచవచ్చు గాని, ఇంటికి అది పెద్ద ఏర్పాటే. పాత పద్ధతిలో ఆ భయం లేదు: కరెంటు పోయి వచ్చిన ప్రతిసారీ పాస్‌వర్డ్ కొట్టి నేనే తెరవాలి. నేను ఊళ్లో లేనప్పుడు మా అబ్బాయి ఫోన్ చేసి, “నాయినా, ఫోల్డర్ తెరుచుకుంటలేదు” అంటాడు. ఆ శ్రమకు నేను ఒప్పుకుంటాను.

ఒక మేలు మాత్రం మనస్ఫూర్తిగా చెప్పాలి. ఎండాకాలంలో కొత్త పెట్టెలోని ఒకే సమాచారం దాచే జంట డిస్కుల్లో ఒకటి చెడిపోయింది. వెనకటికి చెడిన డిస్కులో ఎవరి కాగితాలున్నాయోనన్న బెంగతో వారంటీ వదులుకొని ఇంట్లోనే ఉంచేసేవాణ్ని. ఈసారి నిశ్చింతగా కంపెనీకి పంపి కొత్తది తెప్పించుకున్నాను. ఎన్‌క్రిప్ట్ చేసినా వేగం తగ్గదని మొదట్లో తెలిసినవారితో అనేవాణ్ని; అది కూడా ప్రాసెసర్‌లో ఏఈఎస్ అనే గుప్తీకరణను వేగంగా చేసే సదుపాయం ఉన్న కొత్త పెట్టెకే వర్తిస్తుంది. పాతదాంట్లో పెద్ద వీడియోలు పెడితే తేడా తెలుస్తుంది, స్కాన్లకు తెలియదు.

ఇంట్లో పెళ్లి ఫొటోలు మాత్రమే ఉన్నవారికి, కెమెరా ఇచ్చిన పేర్లే ఉంటాయి కనుక, పాత పద్ధతి చాలవచ్చు. నాలాగా తెలుగు పేర్లతో పని ఉన్నవారు మాత్రం కొనేముందే ఎన్‌క్రిప్ట్ చేసిన ఫోల్డరులో ఒక పొడుగాటి తెలుగు పేరుతో ఫైలు పెట్టించి చూడాలి, కాపీ అయ్యాక రెండు వైపులా ఫైళ్ల సంఖ్య సరిచూడాలి. ప్రస్తుతానికి పహాణీలను కొత్త పెట్టెలోకి మార్చాను. ఆధార్ ప్రతులూ వేలిముద్రల కాగితాలూ, పాస్‌వర్డ్ లేనిదే తెరుచుకోదు కనుక, పాతదాంట్లోనే ఉన్నాయి. అక్కడ 143 బైట్ల హద్దు ఒక్కో పేరుకు విడిగా వర్తిస్తుంది కనుక ఊరికొక ఫోల్డరు, దాని లోపల సర్వే నంబరుకొక ఫోల్డరు, చివర చిన్న పేరు పెడుతున్నాను. రెండింటి తాళంచెవుల నకళ్లు బ్యాంకు లాకర్‌లో ఉన్నాయి, ఎందుకంటే అవి పోతే తయారుచేసినవారు కూడా తెరవలేరు.