ప్రెషర్ మీటర్ లేని బీఎఫ్‌ఆర్ బ్యాండ్లు కొనకండి

ఆన్‌లైన్‌లో చవగ్గా దొరుకుతున్న బీఎఫ్‌ఆర్ (బ్లడ్ ఫ్లో రిస్ట్రిక్షన్, అంటే కాలికో చేతికో పట్టీ బిగించి రక్తప్రవాహం తగ్గించి చిన్న బరువులతో వ్యాయామం చేయడం) బ్యాండ్లు ఆర్డర్ పెట్టే ముందు ఇది చదవండి. మా తమ్ముడి కోసం తెప్పించాం. మోకాలి ఏసీఎల్ (కీలు లోపలి లిగమెంట్) ఆపరేషన్ తర్వాత వాడి తొడ బాగా సన్నబడిపోయింది, పెద్ద బరువులు ఇప్పుడే వద్దన్నారు. అమ్మకం పేజీలో ‘ప్రెషర్ కంట్రోల్’ అని పెద్దక్షరాలతో రాసుంది. వచ్చింది మాత్రం బకిల్ ఉన్న సన్నటి సాగే పట్టీ. దాని మీద 1 నుంచి 10 దాకా అంకెలు అచ్చు వేశారు, అంతే. ఏ అంకె ఎంత ఒత్తిడో లోపలి కాగితంలో ఎక్కడా లేదు. అసలు చెప్పడం కుదరదు కూడా, అదే అంకె దగ్గర బిగించినా లావు తొడకు ఒకలా, సన్న తొడకు ఒకలా పడుతుంది.

రెండో సెట్‌కే వాడి పాదం తిమ్మిరెక్కి, వేళ్లు పాలిపోయి చల్లబడ్డాయి. వెంటనే విప్పేశాం. అయినా సాయంత్రం దాకా తిమ్మిరి వదల్లేదు, ఇంట్లో అందరికీ ఒకటే టెన్షన్.

పద్ధతిలో తప్పు లేదు. జపాన్‌లో యోషియాకి సాతో 1960ల్లో మొదలుపెట్టి, తర్వాత ‘కాట్సు’ పేరుతో ప్రచారంలోకి తెచ్చిన విధానం నుంచి వచ్చిందే ఇది. తొడ పైభాగంలో కఫ్ (బీపీ చూసేటప్పుడు చేతికి చుట్టేలాంటి పట్టీ) కట్టి, కాల్లోకి వచ్చే రక్తాన్ని కొంత తగ్గిస్తారు, సిరల్లో తిరిగి వెళ్లే రక్తాన్ని ఆపుతారు. కండరానికి ఆక్సిజన్ చాలదు, కండరం పనిచేసేటప్పుడు తయారయ్యే లాక్టేట్ లాంటివి అక్కడే పేరుకుంటాయి. దాంతో మామూలుగా పెద్ద బరువులకే కదిలే కండర పోగులు చిన్న బరువుకే పనిలోకి దిగుతాయి. ఒక్కసారి ఎత్తగలిగే గరిష్ఠ బరువులో 20 నుంచి 40 శాతంతోనే కండ పెరుగుతుంది. బలం మాత్రం పెద్ద బరువులతో వచ్చినంత రాదు. అమ్మేవాళ్లు ఈ ముక్క చెప్పరు.

ఇదంతా ఒత్తిడి సరిగ్గా ఉంటేనే. కాలికి రక్తం పూర్తిగా ఆగిపోయే ఒత్తిడి ఎంతో ఫిజియోథెరపిస్టులు ముందు డాప్లర్‌తో (రక్తప్రవాహాన్ని పట్టే అల్ట్రాసౌండ్ పరికరం) కొలుస్తారు. అందులో 40 నుంచి 80 శాతం దగ్గర కఫ్ పెట్టి, 30, 15, 15, 15 సార్ల చొప్పున నాలుగు సెట్లు చేయిస్తారు. వెడల్పు కఫ్‌కి తక్కువ ఒత్తిడి చాలు. సన్న పట్టీని అదే పని కోసం ఇంకా బిగించాలి, అప్పుడు నరాలు నలుగుతాయి.

ఒత్తిడి ఎంత పెట్టాలని అమ్మినవాళ్లను చాట్‌లో అడిగితే ‘నొప్పి వచ్చేదాకా బిగించండి’ అని జవాబిచ్చారు! ఆపరేషన్ అయిన కాలికి రక్తం గడ్డకట్టే ముప్పు ముందే ఎక్కువ. ఆ కాలికి ఇచ్చే సలహానా ఇది? సిరల్లో గడ్డలు వచ్చినవాళ్లు, బీపీ అదుపులో లేనివాళ్లు, గర్భిణులు డాక్టర్‌ని అడగకుండా వీటి జోలికే వెళ్లొద్దు. చేశాక కండరాలు విపరీతంగా వాచి, మూత్రం ముదురు టీ రంగులో వస్తే ఆలస్యం చేయకుండా ఆసుపత్రికి వెళ్లండి.

కొనాలనే ఉంటే గాలి నింపే వెడల్పు కఫ్, మీటర్ ఉన్నదే చూడండి. మొదటిసారి ఫిజియో దగ్గరే కట్టించుకోండి. మేం రిటర్న్ పెడితే ‘వాడేశారు, తీసుకోం’ అన్నారు. మీ ప్యాకెట్ సీల్ ఇంకా విప్పకపోతే ఇవాళే వెనక్కి పంపేయండి.