బెంగళూరులో ఇంటి రుణం, దానితో అంటగట్టే బీమా: ఒక ప్రైవేటు బ్యాంకు సేవపై సమీక్ష

మారతహళ్లి దగ్గర అపార్టుమెంటు కొనడానికి మేము ఒక ప్రైవేటు బ్యాంకులో ఇంటి రుణం తీసుకున్నాము. రుణం మంజూరు చేసిన పద్ధతిలో వంక పెట్టడానికి ఏమీ లేదు. ఈ-ఖాతాను (ఆస్తి యజమాని వివరాలుండే నగర పాలక సంస్థ డిజిటల్ పత్రం), పాత దస్తావేజులను వారి న్యాయవాది శ్రద్ధగా పరిశీలించారు. తెలుగు తెలిసిన అధికారిణి మా అమ్మగారికి కూడా అర్థమయ్యేలా అన్నీ విడమరచి చెప్పారు. కానీ ఆ రుణానికి జీవిత బీమాను జోడించిన తీరు గురించి మాత్రం వివరంగా రాయక తప్పదు, ఎందుకంటే చేతిలో సొమ్ము తక్కువగా ఉన్నవారి మీదే దాని భారం ఎక్కువగా పడుతుంది.

ఉదాహరణకు 75 లక్షల ఇంటినే తీసుకుందాము. 30 లక్షలు దాటి 75 లక్షల వరకు ఉండే రుణాలకు ఇంటి విలువలో 80 శాతానికి మించి ఇవ్వకూడదన్నది రిజర్వు బ్యాంకు నిబంధన కనుక, 60 లక్షలు బ్యాంకు ఇస్తే 15 లక్షలు మనము పెట్టుకోవాలి. సెస్సు, సర్‌చార్జీలతో కలిపి 5.6 శాతం స్టాంపు డ్యూటీ, 2025 ఆగస్టు చివర కర్ణాటక ప్రభుత్వం 1 నుంచి 2 శాతానికి పెంచిన రిజిస్ట్రేషన్ రుసుము, రెండూ కలిసి మరో 5.7 లక్షలు అవుతాయి. ఇంత ధర ఉన్న ఇంటికి ఆ ఖర్చును రుణంలో కలపనివ్వరు. అలా ఇల్లంతా ఊడ్చి సొమ్ము సమకూర్చుకున్న సమయంలో, "1.8 లక్షల ప్రీమియం మీరు చేతినుంచి కట్టనక్కరలేదు, రుణంలోనే కలుపుతాము" అంటే కాదనడం కష్టం. 8.5 శాతం వడ్డీకి 20 ఏళ్ల గడువులో ఆ 1.8 లక్షలకు నెలనెలా 1,562 రూపాయల చొప్పున, మొత్తం దాదాపు 3.75 లక్షలు కట్టవలసి వస్తుంది. ఈ లెక్క ఆ శాఖలో ఎవరూ కాగితం మీద వేసి చూపలేదు.

అమెరికాలో ఉన్న మనవాళ్లు చెప్పే పీఎంఐతో (ప్రైవేట్ మార్ట్‌గేజ్ ఇన్సూరెన్స్) దీనిని కలిపి చూడడం వల్ల కొంత గందరగోళం ఏర్పడుతోంది. అక్కడ సాధారణ రుణాలకు 20 శాతం కన్నా తక్కువ సొంత సొమ్ము పెట్టినవారిచేత కట్టించే ఆ బీమా కాపాడేది అప్పు ఇచ్చినవారిని. 1998 నాటి చట్టం ప్రకారం బాకీ ఇంటి తొలి విలువలో 80 శాతానికి దిగినప్పుడు దానిని తీసేయమని అడగవచ్చు, వాయిదాలు సక్రమంగా కడుతుంటే 78 శాతం దగ్గర దానంతటదే ఆగిపోతుంది. మన దేశంలో ఇండియా మార్ట్‌గేజ్ గ్యారంటీ కార్పొరేషన్ ఇచ్చే హామీ కూడా రుణదాత నష్టాన్ని పూడ్చేదే. మాకు చూపినది మాత్రం జీవిత బీమా: రుణగ్రహీత మరణిస్తే మిగిలిన బాకీ తీరుతుంది. కుటుంబానికి అది నిజమైన రక్షణే. అయితే ప్రీమియం మొత్తం ఒకేసారి తీసుకుంటారు, రక్షణ మొత్తం మాత్రం బాకీతో పాటు ఏటేటా తగ్గుతుంది. అదే 60 లక్షలకు విడిగా మామూలు టర్మ్ పాలసీ (గడువులోపు మరణిస్తేనే సొమ్ము ఇచ్చే జీవిత బీమా) తీసుకుంటే ఆ మొత్తం తగ్గదు, నామినీ చేతికి వస్తుంది, రుణాన్ని వేరే బ్యాంకుకు మార్చుకున్నా పాలసీ మనతోనే ఉంటుంది. ఆరోగ్య కారణాల వల్ల టర్మ్ పాలసీ దొరకనివారికి మాత్రం బ్యాంకు చూపే పథకం పరిశీలించదగినదే.

సంతకాల కాగితాల మధ్యలో బీమా దరఖాస్తును కూడా పెట్టి, అది తప్పనిసరి అని నోటిమాటగా చెప్పడం నాకు ఏ మాత్రం నచ్చలేదు. ఇంటి రుణానికి బీమా తప్పనిసరి అని రిజర్వు బ్యాంకు గానీ, బీమా నియంత్రణ సంస్థ గానీ ఎక్కడా చెప్పలేదు. తప్పనిసరి అన్న మాటనే రాతపూర్వకంగా ఇమ్మని బ్యాంకువారిని అడిగాక ప్రీమియం లేని శాంక్షన్ లెటర్ వచ్చింది, వడ్డీ రేటు కూడా మారలేదు. ఇప్పటికే సంతకం చేసినవారికి, పాలసీ పత్రం అందిన 30 రోజుల లోపు దానిని వెనక్కి ఇచ్చే హక్కు ఉంది. తిరిగి వచ్చే సొమ్ము రుణ ఖాతాలో జమ అయిందో లేదో స్టేట్‌మెంటులో చూసుకోవాలి.

రుణం కోసమైతే ఆ శాఖకు వెళ్లమనే చెబుతాను. బీమాతో ఒకటి, బీమా లేకుండా ఒకటి, ఈఎంఐలు వేసిన రెండు లెక్కలను మొదటి రోజే వారు మన ముందు పెట్టాలి. వారు పెట్టకపోతే మనమే అడిగి తీసుకోవాలి.