పీ బేసా, జే బేసా? ముందు మన స్టేజీని చూడండి

బేస్ గిటార్ కొనాలంటే మొదట వచ్చే ప్రశ్న ఇదే: ఫెండర్ ప్రెసిషన్ (పీ) తరహానా, జాజ్ (జే) తరహానా? యూట్యూబ్ వీడియోలు విని ఎంచుకుంటే జే బేసే గెలుస్తుంది. హెడ్‌ఫోన్లలో దాని మెరుపు అలాంటిది. కానీ తిరుపతి, చిత్తూరుల్లో మన బేస్ జనానికి చేరేది మైక్ సెట్టు బాక్సుల్లోంచి. జాతర ఆర్కెస్ట్రాలకు కట్టేవాళ్లే కాలేజీ ఫెస్టుకూ అవే బాక్సులు తెస్తారు. పక్కన రెండు డిస్టార్షన్ గిటార్లు, వెనకాల జనరేటర్, నెత్తిన డజను లైట్లు. ఈ లెక్కన మా ఓటు పీకే.

ఫెండర్ వాళ్లు ప్రెసిషన్ బేస్‌ను 1951లో తెచ్చారు. ఇప్పుడు మనం చూసే రెండు ముక్కల పికప్ (స్ట్రింగ్ కదలికను సిగ్నల్‌గా మార్చే అయస్కాంతం, తీగచుట్ట) దానికి 1957లో వచ్చింది. రెండు విడి పికప్‌లున్న జాజ్ బేస్ 1960 నాటిది. రెండింటి స్కేలూ (స్ట్రింగ్ మోగే పొడవు) 34 అంగుళాలే కాబట్టి ఫ్రెట్ల దూరంలో తేడా లేదు, తేడా అంతా మెడ వెడల్పులో. నట్ (మెడ పైచివర స్ట్రింగ్‌లు ఆనే పట్టీ) దగ్గర జే 38 మిల్లీమీటర్లు, పీ చాలా మోడళ్లలో 41 నుంచి 44. చిన్న చేతులకు జే హాయి. అయినా నెల రోజులు వాయిస్తే చెయ్యి పీకీ అలవాటు పడుతుంది, కాబట్టి మెడ ఒక్కటే చూసి తేల్చేయకండి.

తేల్చాల్సింది టోన్. లావుపాటి ‘ఇ’ స్ట్రింగ్ 41 హెర్ట్జ్ దగ్గర మోగుతుంది. ఫెస్టు బాక్సుల్లో చాలావాటికి అంత కిందికి దిగే దమ్ముండదు. జనం చెవిన పడేది ఎక్కువగా దానికి రెట్టింపు, అంటే 82, ఆ పైనుండే లో-మిడ్. పీ బలమంతా అక్కడే. జేలో రెండు పికప్‌లూ ఫుల్లుగా పెడితే మిడ్ లోపలికి పోతుంది. ఒంటరిగా వింటే తియ్యగా ఉంటుంది, గిటార్లు అందుకోగానే మాయం. బ్రిడ్జి (బాడీ మీద స్ట్రింగ్‌లు ఆనే చోటు) వైపు పికప్ ఒక్కటే పెంచితే వచ్చే ఆ గుర్రుమనే శబ్దం మాత్రం పీ ఇవ్వలేదు. ఒకే గిటార్ ఉన్న ముగ్గురి బ్యాండ్‌కో, స్లాప్ (బొటనవేలితో స్ట్రింగ్‌ను కొట్టడం) ఎక్కువ వాయించేవాళ్లకో జేనే మేలు.

అయితే జేలో ఒక పికప్ తగ్గించిన మరుక్షణం హమ్ (గుంయ్‌మనే మోత) మొదలవుతుంది. జేలో రెండు పికప్‌లకు తీగ ఎదురెదురు దిక్కుల్లో చుట్టి, అయస్కాంతాలనూ తిరగేసి పెడతారు. రెండు వాల్యూమ్‌లూ సమానంగా ఉన్నంతసేపే ఒకదాని హమ్‌ను ఇంకొకటి మింగేస్తుంది. పీలో ఆ రెండు ముక్కలు ఎప్పుడూ అదే పనిలో ఉంటాయి. లోపల రాగి రేకు అంటిస్తే సరిపోతుందని చెప్పేవాళ్లున్నారు, అది సగమే నిజం. లైట్ల నుంచి వచ్చే జిరజిరను రేకు చాలావరకు ఆపుతుంది. ట్రాన్స్‌ఫార్మర్ నుంచి వచ్చే 50 హెర్ట్జ్ గుంయ్‌మనే మోత అయస్కాంత క్షేత్రం, అది రేకుకు లొంగదు. దానికి హమ్ క్యాన్సిలింగ్ పికప్‌లు వేయించుకోవాల్సిందే.

మధ్యేమార్గం పీజే: ముందు పీ పికప్, బ్రిడ్జి దగ్గర జే పికప్. స్క్వయర్ అఫినిటీ పీజే, యమహా టీఆర్‌బీఎక్స్ 174 రెండూ ఇలాంటివే, రెండూ పాసివ్, అంటే బ్యాటరీ అక్కర్లేనివి. మొదటి బేస్ అయితే ఇదే కొనండి.

ఐదు స్ట్రింగ్‌ల బేస్ మీద మోజుంటే ఒక్క మాట. దాని ‘బి’ 31 హెర్ట్జ్, మన దగ్గరి బాక్సుల్లో అది బురదగా వినిపిస్తుంది. ఒకట్రెండు పాటల కోసమైతే ‘ఇ’ని ‘డి’కి దించుకుంటే చాలు. బ్యాండంతా కింద ట్యూనింగ్‌లోనే వాయిస్తే 50-110 లావుపాటి స్ట్రింగ్‌ల సెట్టు వేయించండి, లేకపోతే స్ట్రింగ్ వదులై ఫ్రెట్లకు కొట్టుకుంటుంది.

యాక్టివ్ బేస్‌లో 9 వోల్టుల బ్యాటరీ ఉంటుంది. కేబుల్ గుచ్చగానే అది ఆన్ అవుతుంది, సౌండ్ చెక్ తర్వాత కేబుల్ పీకకుండా టిఫిన్‌కు వెళ్తే వాయించకపోయినా బ్యాటరీ ఖర్చవుతూనే ఉంటుంది. అయిపోయే ముందు నోట్లు పగిలినట్టు వస్తాయి. అది యాంప్ లోపమనుకుని నాబ్‌లు తిప్పుతూ కూర్చుంటారు. పాసివ్ స్విచ్ లేని యాక్టివ్ బేస్‌ను స్టేజీకి తేవద్దు.

ఇక డబ్బు ఎక్కడ పెట్టాలి, యాంప్‌లోనా, డీఐలోనా (బేస్‌ను నేరుగా మిక్సర్‌కు కలిపే డబ్బా)? మన దగ్గర దీనికి సమాధానం సులువు. 40 వాట్ల యాంప్ డ్రమ్స్ ముందు నిలవదు. నిలబడాలంటే 15 అంగుళాల స్పీకర్‌తో 300 వాట్లయినా కావాలి. దాన్ని ఆటోలో ఎక్కించి దించడం ఒక పని, అంత చేసినా అది స్టేజీ మీది మనకే తప్ప మైదానం చివర ఉన్నవాళ్లకు వినపడదు. సబ్‌లు (లోతు శబ్దాల బాక్సులు) లేని చిన్న హాల్లోనే యాంప్‌కు విలువ. మిగతా చోట్ల మంచి డీఐ కొనండి, స్టేజీ మీద మానిటర్ అడిగి తీసుకోండి.

డీఐల్లోనూ తేడా ఉంది. పాసివ్ డీఐ ఇన్‌పుట్ నిరోధం చాలావాటిలో లక్షన్నర ఓమ్‌ల దగ్గరే ఉంటుంది. పాసివ్ బేస్‌ను దానికి కలిపితే పై శబ్దం మొద్దుబారుతుంది. దానికి 10 లక్షల ఓమ్‌ల యాక్టివ్ డీఐ కావాలి. యాక్టివ్ బేస్‌కైతే పాసివ్ డీఐ చాలు. యాక్టివ్ డీఐ మిక్సర్ నుంచి వచ్చే 48 వోల్టుల ఫాంటమ్‌తో (మైక్ కేబుల్‌లోనే వచ్చే కరెంటు) నడుస్తుంది. చిన్న మిక్సర్లలో కొన్నిటికి ఆ ఫాంటమే ఉండదు, కాబట్టి బ్యాటరీ మీదా నడిచేదే తీసుకోండి. యాంప్ లేకుండా వాయించేవాళ్లకు సాన్స్‌యాంప్ బేస్ డ్రైవర్ లాంటి ప్రీయాంప్ డీఐ ఇంకా నయం. యాంప్ ఇచ్చే టోన్ కూడా అందులోనే వస్తుంది. యాంప్ స్పీకర్ అవుట్‌ను మాత్రం మామూలు డీఐకి ఎప్పుడూ కలపకండి, కాలిపోవచ్చు.

స్టేజీ ఎక్కాక వరస ఇది: బేస్, ట్యూనర్, డీఐ, అక్కడినుంచి ఎక్స్‌ఎల్‌ఆర్ కేబుల్. గుచ్చే ముందు “అన్నా, బేస్ చానల్ మ్యూట్ చెయ్యి, ఫాంటమ్ వెయ్యి” అనండి, లేకపోతే ఆ ఢమాలుకు సబ్ కోన్ పోవచ్చు. తర్వాత 40 హెర్ట్జ్ దగ్గర హైపాస్ (దానికి కిందివి కోసేది), బురదగా ఉంటే 250 దగ్గర మూడు డీబీ కోత, వేళ్ల చప్పుడు తెలియాలంటే 800 దగ్గర కొంచెం ఎత్తు. బేస్ ఇంకా వినపడకపోతే బేస్‌ను పెంచమనకండి, గిటార్లకు 100 దగ్గర హైపాస్ పెట్టమనండి.

హమ్ వస్తే డీఐ మీది గ్రౌండ్ లిఫ్ట్ (కేబుల్ ఎర్త్‌ను విడదీసే స్విచ్) నొక్కి చూడండి. అది యాంప్, మిక్సర్ రెండూ కలిసినప్పుడే పనిచేస్తుంది. యాంప్ లేకుండా డీఐ ఒక్కటే ఉంటే లిఫ్ట్ నొక్కగానే హమ్ పెరగొచ్చు. హమ్ పోవాలని ప్లగ్ ఎర్త్ పిన్ను విరిచేవాళ్లున్నారు, ఆ పని ఎవరు చేయబోయినా ఆపండి. జనరేటర్‌కు ఎర్త్ సరిగా లేని చోట ఒక చెయ్యి స్ట్రింగ్‌ల మీద ఉండగా పెదవి మైక్‌కు తగిలితే షాక్ కొడుతుంది. బ్యాకింగ్ పాడేవాళ్లు మల్టీమీటర్‌ను ఏసీ వోల్టుల్లో పెట్టి, ఒక ముల్లు స్ట్రింగ్ మీద, ఇంకోటి మైక్ జాలీ మీద ఆనించండి. ఒకటి రెండు వోల్టులైతే పర్వాలేదు, పదులు చూపిస్తే లైను సరిచేసేదాకా మైక్ దగ్గరికి పోవద్దు.

కొనడానికి చెన్నైకో బెంగళూరుకో వెళ్లినప్పుడు షాపు ఏసీలో సెట్ చేసిన మెడ మన ఎండకు కదులుతుందని గుర్తుంచుకోండి. ఇంటికి తెచ్చి రెండు రోజులు ఆగి, మొదటి ఫ్రెట్, చివరి ఫ్రెట్ నొక్కి ఎనిమిదో ఫ్రెట్ దగ్గర స్ట్రింగ్ కింద సందు చూడండి. 0.3 మిల్లీమీటర్లు ఉండాలి. ఎక్కువుంటే ట్రస్ రాడ్ (మెడ లోపలి లోహపు కడ్డీ) బిగించండి, తక్కువుంటే వదులు చేయండి. ఒకసారికి పావు తిప్పే, ఆపైన మళ్లీ ట్యూన్ చేసి మర్నాడు చూసుకోవాలి. పన్నెండో ఫ్రెట్ దగ్గర ‘ఇ’ కింద 2.5, ‘జి’ కింద 2 మిల్లీమీటర్ల ఎత్తు రాక్‌కు బాగుంటుంది. షాపులోనే ఇంకో పరీక్ష: బెల్టు తగిలించుకుని పావుగంట నిలబడి వాయించండి, మధ్యలో ఎడమ చెయ్యి తీసేయండి. మెడ నేల వైపు వాలిపోతే ఆ బేస్‌ను గోడకే వదిలేసి రండి.