అండర్‌టేకర్‌తో ఎవరి పోరు మేలు: షాన్ మైకేల్స్‌దా, ట్రిపుల్ హెచ్‌దా?

WWE ఏటా జరిపే పెద్ద రెజ్లింగ్ వేడుక రెజిల్‌మేనియాలో 2009 నుంచి 2012 దాకా వరుసగా నాలుగేళ్లు, అక్కడ ఓటమే లేని అండర్‌టేకర్ రికార్డు మీదకు వచ్చినవాళ్లు ఇద్దరే. మొదటి రెండేళ్లు షాన్ మైకేల్స్, తర్వాతి రెండేళ్లు అతని ప్రాణమిత్రుడు ట్రిపుల్ హెచ్. నాలుగుసార్లూ అండర్‌టేకరే గెలిచాడు. ఈ తరహా ప్రొఫెషనల్ రెజ్లింగ్‌లో ఫలితం ముందే రాసి ఉంటుంది కాబట్టి, ఓడేవాడు మనల్ని ఎంతసేపు నమ్మించగలిగాడన్న దాన్నిబట్టే పోరును తూచాలి. ఆ లెక్కన మైకేల్స్ పోరే మేలు. ఎందుకో చెబుతాను.

ముందు పునాది చూద్దాం. 1997 అక్టోబరులో మొట్టమొదటి హెల్ ఇన్ ఎ సెల్ (రింగు చుట్టూ ఇనుప పంజరం దించి ఆడే మ్యాచ్) ఆడింది మైకేల్స్, అండర్‌టేకర్‌లే. 1998 జనవరిలో రాయల్ రంబుల్ షోలో ఇద్దరూ ఆడిన శవపేటిక మ్యాచ్‌లో (ప్రత్యర్థిని పేటికలో పెట్టి మూత వేసినవాడే విజేత) పేటిక అంచు తగిలి మైకేల్స్ నడుముకు నిజంగానే దెబ్బ తగిలింది. ఆ మార్చి తర్వాత 2002 దాకా అతను మ్యాచ్‌లకు దూరమయ్యాడు. ఇంత చరిత్రను వెంటేసుకుని 2009 ఏప్రిల్ 5న హ్యూస్టన్‌లో రింగులోకి దిగారు. ట్రిపుల్ హెచ్‌కూ 2001లో అదే ఊళ్లో అండర్‌టేకర్ చేతిలో ఓడిన చరిత్ర ఉంది. కానీ 2011 ప్రచారంలో దాన్ని దాదాపు పక్కన పెట్టేశారు. చేతిలో ఉన్న సరుకును వాడుకోలేదు.

ఇక అసలు తేడా కిక్ అవుట్ల దగ్గర, అంటే రిఫరీ మూడు లెక్కపెట్టేలోపు భుజం లేపి తప్పించుకోవడం దగ్గర ఉంది. హ్యూస్టన్‌లో మైకేల్స్, అండర్‌టేకర్ ముగింపు దెబ్బ టూంబ్‌స్టోన్ నుంచి భుజం లేపింది ఒకే ఒక్కసారి. అప్పుడు అండర్‌టేకర్ ముఖం చూడండి, కళ్లు పెద్దవి చేసి అలా ఉండిపోతాడు. ఆ దెబ్బ తిన్నవాడు లేవకూడదని ఏళ్లతరబడి మనకు నేర్పారు కాబట్టే ఆ క్షణం అంతగా పేలింది. 2011లో అట్లాంటాలో ట్రిపుల్ హెచ్ తన ముగింపు దెబ్బ పెడిగ్రీని మూడుసార్లు వేశాడు, పైగా అండర్‌టేకర్ సొంత టూంబ్‌స్టోన్ కూడా అతని మీదే వేశాడు. అన్నిటికీ కిక్ అవుటే. మూడోసారి వచ్చేసరికి పెడిగ్రీ విలువ పడిపోతుంది, మధ్యలో కుర్చీ దెబ్బలు ఖాళీ నింపడానికే మిగులుతాయి. అయితే ముగింపు గొప్పది: అండర్‌టేకర్ గొంతు నొక్కే హెల్స్ గేట్ పట్టులో చిక్కి, ట్రిపుల్ హెచ్ సమ్మెట అందుకుని కూడా ఎత్తలేక వదిలేసి ట్యాప్ చేశాడు, అంటే చేత్తో తట్టి ఓటమి ఒప్పుకున్నాడు. గెలిచిన అండర్‌టేకర్‌నే మోసుకుపోవాల్సి వచ్చింది.

టూంబ్‌స్టోన్ గురించి ఒక మాట. తలకిందులుగా ఎత్తబడ్డవాడి తల, వేసేవాడి మోకాళ్ల మట్టానికి కాస్త పైనే ఉండాలి. తొడలతో తలను గట్టిగా పట్టి, మోకాళ్ల మీద దిగాలి. అప్పుడు మ్యాట్‌కు తాకేది మోకాళ్లే. 1997 సమ్మర్‌స్లామ్ షోలో ఇలాంటి దెబ్బే వేస్తూ ఓవెన్ హార్ట్ అనే రెజ్లర్ మోకాళ్ల మీద దిగకుండా కూర్చుండిపోయాడు. తల కిందికి జారి ఉన్న ప్రత్యర్థి స్టీవ్ ఆస్టిన్ మెడకు తీవ్ర గాయమైంది. అందుకే 2010 మార్చి 28న గ్లెండేల్‌లో, ఓడితే రిటైర్ అవ్వాలన్న షరతు మీద ఆడిన మైకేల్స్‌కు చివర్లో ఎగిరి వేసిన టూంబ్‌స్టోన్ చూస్తే గుండె ఝల్లుమంటుంది. ఎగిరితే దిగే వేగం పెరుగుతుంది, పట్టు సడలితే దిద్దుకునే వ్యవధి ఉండదు. దానికి ముందు అండర్‌టేకర్ ఆగిపోయి ‘ఇక పడుకో’ అన్నట్టు చూస్తే, మైకేల్స్ అతని గొంతు కోసే సైగనే అతనికి తిరిగి చూపించి చెంప పగలగొట్టాడు. రెండేళ్ల కథంతా ఆ చెంపదెబ్బలో ఉంది.

హ్యూస్టన్ మ్యాచ్‌లో లోపమే లేదనను. పై తాడు మీదుగా అండర్‌టేకర్ బయటికి దూకినప్పుడు, కెమెరామన్ వేషంలో నిలబడ్డ రెజ్లర్ అతన్ని సరిగా పట్టలేకపోయాడు. తల ముందుగా నేలకు కొట్టుకుంది. అంత భారీ మనిషిని ఒక్కడి చేతుల మీద పట్టించడమే తప్పు, కనీసం ఇద్దరుండాలి. ఆ తర్వాత కూడా మ్యాచ్‌ను అంత బిగువుగా నడిపించారంటే ఇద్దరికీ దండం పెట్టాల్సిందే.

ట్రిపుల్ హెచ్ వైపు తూకం మొగ్గేది ఒక్కచోటే: 2012 ఏప్రిల్ 1న మయామి గార్డెన్స్‌లో జరిగిన హెల్ ఇన్ ఎ సెల్. మైకేల్స్‌ను రిఫరీగా పెట్టడమే దాని బలం. ఒక పక్క స్నేహితుడు, మరో పక్క తన కెరీర్‌ను ముగించినవాడు. ఆపేయమని బతిమాలుతూనే, ఒక దశలో మైకేల్స్ అండర్‌టేకర్‌కు సూపర్‌కిక్ (ముఖం మీద కాలితో తన్నడం) ఇచ్చాడు, వెంటనే ట్రిపుల్ హెచ్ పెడిగ్రీ వేశాడు. రెండున్నర లెక్క దగ్గర స్టేడియం మొత్తం రికార్డు పోయిందనే అనుకుంది. కానీ ఆ ఉత్కంఠ కూడా మైకేల్స్ కథ నుంచి అరువు తెచ్చుకున్నదే. 2009, 2010 చూడకుండా దీన్ని చూస్తే సగమే దక్కుతుంది.

కొత్తగా మొదలుపెట్టేవాళ్లు హ్యూస్టన్, గ్లెండేల్, మయామి గార్డెన్స్ ఈ వరుసలోనే చూడండి. అట్లాంటా మ్యాచ్‌కు తీరిక లేకపోతే చివరి పది నిమిషాలు చాలు.