కంటిచూపుకి ఆకుకూరా, ల్యూటిన్ మాత్రా: ఏది మేలు?

వయసు మీదపడ్డాక రెటీనా నడిమి భాగం, అంటే మాక్యులా, క్షీణిస్తే పేపరు చదివేటప్పుడు సరిగ్గా చూసేచోటే మసక కమ్ముతుంది. అక్కడ కాపలా కాసే పసుపు రంగు పదార్థాలు ల్యూటిన్, జియాజాంతిన్. ఇవి మొక్కల్లో పుడతాయి, మన ఒంట్లో తయారుకావు. అందుకని జబ్బు లేనివాళ్ళు కూడా నెలనెలా మాత్రలు కొంటున్నారు. ఆ ఖర్చు చాలామందికి అనవసరం.

అమెరికాలో పెద్ద ఎత్తున పరీక్షించిన ఫార్ములాలో రోజుకి ల్యూటిన్ 10 మి.గ్రా., జియాజాంతిన్ 2 మి.గ్రా., విటమిన్ సి 500 మి.గ్రా., విటమిన్ ఇ 400 ఐయూ (అంతర్జాతీయ యూనిట్లు), జింక్ 80 మి.గ్రా., రాగి 2 మి.గ్రా. ఉంటాయి. దీని తొలి రూపం మీద 2001లో తేలిన మాట: మాక్యులా జబ్బు మధ్య దశలో ఉన్నవాళ్ళకి అది ముదిరే ముప్పు అయిదేళ్ళలో సుమారు 25 శాతం తగ్గింది. జబ్బు లేనివాళ్ళకి, తొలి దశలో ఉన్నవాళ్ళకి లాభం కనిపించలేదు. శుక్లాలనూ ఆపలేదు.

అప్పటి మాత్రలో ల్యూటిన్ లేదు, కేరట్‌కి రంగునిచ్చే బీటాకెరోటిన్ ఉండేది. పొగతాగేవాళ్ళు బీటాకెరోటిన్ మాత్రలు వేసుకుంటే ఊపిరితిత్తుల క్యాన్సర్ పెరిగిందని ఫిన్లాండ్‌లో 1994లోనే బయటపడింది. అందుకే 2013 నాటి ఫార్ములాలో దాన్ని తీసి ల్యూటిన్ పెట్టారు. లంక పొగాకు చుట్ట కాల్చేవాళ్ళు, కాల్చి మానేసినవాళ్ళు కూడా డబ్బా మీద బీటాకెరోటిన్ పేరుందేమో చూసుకునే కొనాలి. కూరలో ఉండే కెరోటిన్‌తో ఆ భయం లేదు. అసలు మాక్యులాకి చుట్ట మానడమంత మేలు ఇంకోటి లేదు.

వండిన పాలకూర 100 గ్రాముల్లో ల్యూటిన్, జియాజాంతిన్ కలిపి 10 మి.గ్రా. పైమాటే. తోటకూర, మునగాకు కూడా మంచివే, ఆకు ఎంత ముదురు పచ్చగా ఉంటే అంత నయం. చిక్కల్లా అది ఒంటికి పట్టడంలోనే. ల్యూటిన్ నూనెలోనే కరుగుతుంది. కొలెస్ట్రాల్ భయంతో తాలింపు కూడా మానేసి ఉత్త ఉడకబెట్టిన ఆకు తింటే చాలా భాగం వృథా. సన్నగా తరిగి, మెత్తబడేదాకా మగ్గించి, మనిషికి ఒక చెంచా నూనె పడేలా ఇగురు చెయ్యాలి. పులుసు పోస్తే ఆకు రంగు మారుతుంది, అక్కడ దెబ్బతినేది పత్రహరితం, ల్యూటిన్ కాదు.

మునగాకు పొడి దగ్గరే ఎక్కువ పొరపాటు జరుగుతుంది. డాబా మీద ఎండబెడితే వెలుతురుకి ల్యూటిన్ విరిగిపోతుంది. నీడపట్టున గాలి ఆడేచోట పల్చగా పరవాలి. నలిపితే గలగలమంటూ విరగాలి, రంగు మాత్రం పచ్చగానే ఉండాలి. గోధుమరంగుకి తిరిగిందంటే సారం చాలావరకు పోయినట్టే.

కోడిగుడ్డు పచ్చసొనలో ల్యూటిన్ కొంచెమే అయినా, కొవ్వుతో కలిసి ఉంటుంది కాబట్టి బాగా ఒంటబడుతుంది. మునగాకులో గుడ్డు కొట్టి వేపితే రెండూ కలిసొస్తాయి. ఇక మాత్రల్లో ల్యూటిన్ ఎక్కువగా బంతిపూల రేకుల నుంచి తీసిందే. అలాగని కడియపులంక మార్కెట్లో పూలు కొని తినకూడదు, దండల పూలకి పురుగుమందు కొడతారు.

రక్తం గడ్డకట్టకుండా వార్ఫరిన్ అనే మందు వాడేవాళ్ళు ఆకుకూర ఒక్కసారిగా పెంచినా, మానేసినా మందు మోతాదు తప్పుతుంది. రోజూ ఒకే కొలతలో తినాలి. కిడ్నీలో ఆక్సలేట్ రాళ్ళున్నవాళ్ళు తోటకూర, పాలకూర ఉడికించి నీళ్ళు వార్చేస్తే ఆక్సలేట్ తగ్గుతుంది, ల్యూటిన్ నీళ్ళతో పోదు.

మొత్తానికి మాత్ర అవసరమా కాదా అన్నది కంటి డాక్టరు కంటిపాపని పెద్దదిచేసి రెటీనా చూసి చెప్పాలి. మధ్య దశ అని తేలితే ఆకుకూర ఒక్కటే చాలదు, మాత్ర వేసుకోవాల్సిందే. ఈలోగా వారానికోసారి ఒక కన్ను మూసి కిటికీ ఊచల కేసి చూడండి, తర్వాత రెండో కన్నుతో. తిన్నని ఊచ వంకరగా కనిపిస్తే ఆ వారంలోనే డాక్టర్ని కలవాలి. మాక్యులా జబ్బులో రక్తనాళాలు కారే తడి రకానికి మందు కంట్లో వేసే ఇంజెక్షనే.