జయనగర్‌లో అభినయం వర్క్‌షాప్: పొద్దున సెషన్ సూపర్, మధ్యాహ్నం సెషన్ దండగ

బెంగళూరులో వీకెండ్ వర్క్‌షాప్‌లకి కొదవేముంది, కుండలు చెయ్యడం నుంచి బ్రెడ్ కాల్చడం దాకా అన్నీ ఉన్నాయి, అందుకే మా టీమ్‌లో అమ్మాయి ‘మాటల్లేకుండా ఎమోషన్స్ చదవడం, అభినయం సాయంతో’ అని లింక్ పంపితే ముందు నవ్వొచ్చింది. ఫీజు రెండున్నర వేలు, లంచ్‌తో కలిపి. జయనగర్‌లో ఒక మేడ మీద హాలు, పార్కింగ్ లేదు, మెట్రోలో వెళ్ళండి.

నేర్పిన మేడమ్ కూచిపూడి డాన్సర్, మనవాళ్ళే, ఇంగ్లిష్ మధ్యలో తెలుగు దొర్లిపోతుంటే మాకు పండగే. భరతముని నాట్యశాస్త్రంలో 8 స్థాయీభావాలు (నిలకడగా ఉండే ముఖ్య భావాలు), 33 సంచారీభావాలు (వచ్చిపోయేవి) అని గబగబా చెప్పేసి, టైమంతా సాత్త్వికభావాల మీద, అంటే లోపలి భావానికి ఒళ్ళు తనంతట తాను చూపించే గుర్తుల మీద పెట్టారు. అవీ 8: ఒళ్ళు గగుర్పొడవడం, చెమట, వణుకు, గొంతు మారిపోవడం, ముఖం పాలిపోవడం, ఇలాంటివి. ‘చేతులు ఎవరైనా తిప్పుతారమ్మా, ముఖం పాలిపోయినట్టు చెయ్యండి చూద్దాం’ అన్నారు, అందరం బిక్కమొహాలేసుకుని కూర్చున్నాం.

అసలు మజా తర్వాత ఎక్సర్‌సైజ్‌లో. ఒకళ్ళని కుర్చీలో కూర్చోబెట్టి ముఖం మీద తెల్ల కండువా కప్పి, చెవిలో ఒక భావం చెప్తారు, మిగతావాళ్ళు భుజాలూ ఊపిరీ చూసి చెప్పాలి. దుఃఖం ఈజీగా దొరికిపోయింది, భుజాలు కిందికి జారి ఊపిరి తెగి తెగి వస్తుంటుంది కదా, కానీ కోపాన్ని సగంమంది వీరం అన్నారు, ఎందుకంటే రెండిట్లోనూ ఛాతీ ముందుకొచ్చేస్తుంది. కండువా తీసేసరికి కనుబొమలు చూసి అందరికీ వెంటనే తెలిసిపోయింది. ముఖం ఎంత పని చేస్తుందో, ఒళ్ళు ఎంత చేస్తుందో విడదీసి చూపించడం ఇదే ఫస్ట్ టైమ్ చూడ్డం.

సైన్స్ సంగతి కూడా కాస్త చెప్పారు, ముఖంలో కండరాల కదలికలకి నంబర్లిచ్చి ఎక్మన్, ఫ్రీసెన్ అనే సైకాలజిస్టులు 1978లో తెచ్చిన ఫాక్స్ (FACS) పద్ధతి, ఇంకా 2000లో వచ్చిన ఒక స్టడీ, నాట్యశాస్త్రం ప్రకారం చేసిన 10 భావాల వీడియోలు చూపిస్తే ఇండియన్సే కాదు, అమెరికన్స్ కూడా గుడ్డి గెస్ కంటే చాలా బాగా గుర్తుపట్టారట, లిస్ట్‌లో లజ్జ కూడా ఉంది. అయితే నా డౌట్ ఒకటే, స్టేజ్ మీద భావం వెనక వరసలోవాళ్ళకి కూడా తెలియాలని చేసేది, ఆఫీసులో మనం చేసేది దాచడం. మా మేనేజర్ పొద్దున కాల్‌లో ఏ రసంలో ఉంటారో భరతముని కూడా చెప్పలేడు. మేడమ్‌ని అడిగితే ‘అవును, నేను చూడటం నేర్పిస్తా, జాతకం చెప్పడం కాదు’ అన్నారు, ఆ మాట నచ్చింది.

మధ్యాహ్నం వేరే ట్రైనర్ వచ్చి సరిగ్గా ఆ జాతకమే మొదలెట్టాడు, ముక్కు రుద్దుకుంటే అబద్ధం, చేతులు కట్టుకుంటే ఏదో దాస్తున్నట్టు. కానీ 2006లో బాండ్, డిపాలో అనే రిసెర్చర్లు పాత స్టడీలన్నీ కలిపి లెక్కేస్తే జనం అబద్ధాన్నీ నిజాన్నీ కరెక్ట్‌గా గుర్తుపట్టింది సగటున 54 శాతమే, బొమ్మా బొరుసా వేసినట్టే. ఆయన జాతకానికి మళ్ళీ స్లైడ్లు ఒకటి, నాకు నిద్ర ముంచుకొచ్చింది.

పొద్దున పార్ట్‌కి నాలుగున్నర స్టార్లు, మధ్యాహ్నానికి ఒకటి, అదీ లంచ్‌లో బిసిబేళెబాత్ బాగుందని. సగం రోజు టికెట్ ఇస్తారేమో అడగండి, మోకాళ్ళ నొప్పులుంటే కుర్చీ కూడా ముందే చెప్పుకోండి, అంతా చాప మీదే కూర్చోబెడతారు.